కెరటం విరిగే చోట రక్షణ పడవ



అన్నవరం కొండపై సత్యదేవుని వ్రతం చేసుకున్నవారందరికీ సాధువనే వర్తకుడి కథ తెలుసు. దూరదేశాల్లో వ్యాపారం ముగించుకుని క్షేమంగా తిరిగివచ్చిన పడవ చివరికి సొంత ఊరి రేవులో, ఎదురు వచ్చిన కూతురు కళావతి కళ్లముందే, భర్తతో సహా మునిగిపోతుంది. ఆ కథ విని కొండ దిగినవారు సముద్రం వైపు పదిహేను ఇరవై కిలోమీటర్లు వెళితే తొండంగి వైపు తీర గ్రామాలు వస్తాయి. పెరుమాళ్లపురం, కోనపాపపేట, ఇంకా దిగువకు వెళితే ఉప్పాడ. రాత్రంతా లోతు నీటిలో వేట చేసి తిరిగివచ్చిన పడవ తీరా ఒడ్డు కనిపిస్తుండగా కెరటానికి తిరగబడటం అక్కడి వేట కుటుంబాలు ఎరిగిన ప్రమాదమే. సముద్రంలో ఆపద అనగానే మన మనసు నడిసముద్రం మీదికి పోతుంది. మన రక్షణ ఏర్పాట్లు కూడా ఎక్కువగా అటే చూస్తున్నాయి. ఒడ్డుకు కిలోమీటరు లోపల కెరటం విరిగే చోట, నది సముద్రంలో కలిసే మొగల దగ్గర నిలబడగల చిన్న రక్షణ పడవలు ఊరూరా ఉండాలి. వాటిని నడిపేవారు శిక్షణ పొందిన ఆ ఊరి మత్స్యకారులే అయి ఉండాలి. ఈ వాదాన్నే ఈ రోజు మీ ముందు ఉంచుతున్నాను.

ముందుగా మన కోస్ట్ గార్డ్ సామర్థ్యాన్ని ఉన్నది ఉన్నట్టు గుర్తించాలి. 1977 ఫిబ్రవరి 1న తాత్కాలిక ఏర్పాటుగా మొదలై, 1978లో పార్లమెంటు చట్టంతో స్థిరపడిన దళం ఇది. గాలింపు, రక్షణ విషయంలో మన దేశం బాధ్యత వహించే సముద్ర ప్రాంతం సుమారు 46 లక్షల చదరపు కిలోమీటర్లు. మన భూభాగం కంటే పెద్దది. ఆంధ్ర తీరానికి సంబంధించిన ప్రధాన కేంద్రం విశాఖపట్నంలో, ఒక స్టేషన్ కాకినాడలో ఉన్నాయి. 2019 ఆగస్టు 12న విశాఖ దగ్గర కోస్టల్ జాగ్వార్ అనే నౌకకు మంటలు అంటుకుని 29 మంది నీటిలోకి దూకితే, రాణి రష్మోణి నౌక 28 మందిని పైకి తీసింది. 2023 డిసెంబరు 1న కాకినాడ తీరానికి అవతల ఒక వేట బోటులో మంటలు లేచినప్పుడు పదకొండు మందినీ కోస్ట్ గార్డే కాపాడింది. 2024 ఏప్రిల్ 5 నాటి ఘటన ఇంకా కష్టమైనది. కాకినాడ నుంచి వేటకు వెళ్లిన దుర్గాభవాని బోటు విశాఖ రేవుకు 65 నాటికల్ మైళ్ల దూరంలో, అంటే 120 కిలోమీటర్ల అవతల ఉండగా గ్యాస్ సిలిండర్ పేలింది. గస్తీలో ఉన్న వీర నౌకకు మరో వేట బోటు వైర్‌లెస్‌లో కబురు అందించింది. నౌక పూర్తి వేగంతో నాలుగు గంటల లోపే చేరుకుని, తీవ్రంగా గాయపడిన తొమ్మిది మందిని విశాఖకు తీసుకువచ్చింది. అంత దూరంలో అంతకన్నా ఎక్కువ ఎవరూ చేయలేరు.

కానీ కెరటాల్లో తిరగబడిన పడవ మనుషులకు నాలుగు గంటల గడువు ఉండదు. నలభై నిమిషాలు కూడా ఉండకపోవచ్చు. ఎందుకో తెలియాలంటే అక్కడి నీటి స్వభావం చూడాలి. లోతు నీటిలో అల ఎత్తుగా ఉన్నా పడవను ఒక క్రమంలో లేపి దించుతుంది. ఒడ్డు దగ్గరపడే కొద్దీ అల అడుగుభాగం నేల తగిలి నెమ్మదిస్తుంది. వెనక వచ్చే నీరు దాని మీదికి ఎక్కుతుంది, అల ముఖం నిలువుగా లేస్తుంది. లోతు అల ఎత్తుకు ఒకటింపావు రెట్లు, ఆ కాస్త అటూ ఇటూ ఉన్నచోట కెరటం విరిగి కూలుతుంది. రెండు మీటర్ల అల సుమారు రెండున్నర మీటర్ల లోతులో విరుగుతుందన్నమాట. ఆ కూలే నీరు టన్నుల బరువుతో పడవ మీద పడుతుంది. మొగల దగ్గర ఇది రెట్టింపు ప్రమాదం. గౌతమి భైరవపాలెం వైపు, వైనతేయ ఓడలరేవు వైపు, వశిష్ఠ అంతర్వేది దగ్గర కడలిలో కలుస్తాయి. నదులు మోసుకొచ్చిన ఇసుక అక్కడ మేట వేస్తుంది. వరద వచ్చిందంటే నిన్నటి దారి ఇవాళ ఉండదు. పాటు వేళ నది నీరు బయటికి పరుగెడుతుంటే, సముద్రపు అల దానికి ఎదురొచ్చి పొట్టిగా, నిటారుగా లేస్తుంది. ఈ తీరపు తిన్నెలకు అమెరికా యుద్ధనౌకే చిక్కింది. 1867 జూన్ 19న, నైరుతి రుతుపవనాల కాలంలో, శాక్రమెంటో అనే నౌక గోదావరి ముఖం దగ్గర మెరక తగిలి పగిలిపోయింది. సిబ్బంది అందరూ బతికారు. గౌతమి మొగకు దిగువన ఉన్న తిన్నెను నావికులు నేటికీ శాక్రమెంటో అనే పిలుస్తారు. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉంటుంది. జూన్ 15న పడవలు మళ్లీ నీటిలో దిగేసరికి సరిగ్గా ఆ రుతుపవనాలే ఎదురవుతాయి.

అలాంటి నీటిలో పడవ నడపడం ప్రత్యేకమైన విద్య. బయటికి వెళ్లేటప్పుడు సరంగు తొందరపడడు. పెద్ద కెరటాలు గుంపులుగా వస్తాయి, వాటి మధ్య కాస్త విరామం ఉంటుంది. ఆ విరామం కోసం వేచి, ముక్కు కెరటానికి ఎదురుగా ఉంచి, ఎక్కేటప్పుడు ఇంజను పెంచి, నెత్తికి చేరగానే తగ్గించాలి. తగ్గించకపోతే పడవ గాలిలోకి ఎగిరి అవతల పళ్లెంలా బోర్లా పడుతుంది. లోపలికి రావడం అంతకంటే కష్టం. వెనక నుంచి వచ్చే కెరటం పడవ వెనకభాగాన్ని లేపుతుంది. ముక్కు నీటిలోకి గుచ్చుకుంటుంది, చుక్కాని పట్టు తప్పుతుంది, పడవ అడ్డం తిరుగుతుంది, తర్వాతి కెరటం దాన్ని దొర్లించేస్తుంది. దీనికి విరుగుడుగా పడవను ఒక కెరటం వీపు మీద నిలిపి, దాని నెత్తిని దాటకుండా, వెనకదానికి అందకుండా ఒడ్డు దాకా నడపాలి. రక్షణ పడవకు మరో భారం ఉంటుంది. అది ఆ నీటిలో ఆగాలి. నీటిలో ఉన్న మనిషి దగ్గరికి ముక్కును అలకు ఎదురుగా ఉంచి చేరాలి, మనిషిని గాలి చాటు వైపుకు తెచ్చుకోవాలి, ఆ క్షణంలో ప్రొపెల్లర్ తిరగకుండా చూడాలి. చాలాసేపు నీటిలో ఉన్నవాణ్ణి చంకల కింద పట్టి నిలువుగా లాగితే రక్తపోటు ఒక్కసారిగా పడిపోయి, పడవలోకి చేరాక ప్రాణం పోవచ్చు. అందుకే వల లాంటి పట్టీలో అడ్డంగా దొర్లించి ఎక్కిస్తారు. ఇంజను ఆగిన పడవను లాగుకొచ్చేటప్పుడు తాడును పొడవుగా వదిలి, రెండు పడవలూ ఒకేసారి కెరటం ఎక్కి ఒకేసారి దిగేలా సరిచూస్తారు. ఒకటి ఎక్కుతుంటే మరొకటి దిగితే తాడు తెగుతుంది. వీటిలో ఏ ఒక్కటీ పుస్తకం చదివితే వచ్చేది కాదు. సరిగ్గా ఆ తీరంలోనే, అదే నీటిలో వందల సార్లు చేస్తేనే చేతికి పట్టుబడుతుంది.

పెద్ద నౌక ఈ పనికి పనికిరాదు. దానికి కావలసినంత లోతు ఇక్కడ ఉండదు. కోస్ట్ గార్డ్ తీరం వెంట తిప్పే ఇంటర్‌సెప్టర్ బోట్లు దాదాపు 28 మీటర్ల పొడవుతో, శాంత సముద్రంలో 45 నాట్ల దాకా, అంటే గంటకు 83 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తేవి. అవి వెంటాడి పట్టుకోవడానికి పుట్టిన పడవలు. విరిగే కెరటాల్లో ఆ వేగం అక్కరకు రాదు. నౌక దూరంగా నిలిచి చిన్న పడవను దింపవచ్చు కదా అంటే, ఊగుతున్న నౌక పక్కనుంచి పడవ దింపడం, తిరిగి ఎక్కించడం మొత్తం పనిలో అత్యంత ప్రమాదకరమైన ఘట్టాల్లో ఒకటి. అందుకే కెరటాలతో సహవాసం చేసిన దేశాలు వేరే జాతి పడవను తయారు చేసుకున్నాయి. అమెరికా కోస్ట్ గార్డ్ 47 అడుగుల మోటారు లైఫ్‌బోటు బోల్తా పడితే కొద్ది సెకన్లలో తనంతట తానే లేచి నిలబడుతుంది. 20 అడుగుల కెరటాల్లో పనిచేసేలా దాన్ని రూపొందించారు. కొలంబియా నది పసిఫిక్‌లో కలిసే మొగ దగ్గర దాన్ని నడిపే బడి కూడా పెట్టారు. 1952 ఫిబ్రవరి 18న అదే దేశపు తూర్పు తీరంలో తుఫానుకు రెండుగా విరిగిన పెండిల్టన్ అనే చమురు ఓడ నుంచి 32 మందిని ఒక 36 అడుగుల చెక్క పడవ కాపాడింది. నలుగురు మనుషులు ఊరి ముందున్న ఇసుక మేటను చీకట్లో దాటారు. కెరటం వారి అద్దాన్ని పగలగొట్టి దిక్సూచిని కొట్టుకుపోయింది. అయినా గమ్యం చేరి, పన్నెండు మందికి సరిపోయే పడవలో అందరినీ తెచ్చారు. పెద్ద నౌకలు ఆ దేశానికి లేక కాదు. ఆ రాత్రి ఆ మేటను దాటడానికి తగినవి ఆ చిన్న పడవ, దాని దారి తెలిసిన మనుషులు.

ఇక కాలం లెక్క. గాలికీ నీటి వాలుకూ గంటకు రెండు నాటికల్ మైళ్లు కొట్టుకుపోయే మనిషిని గంటలో వెతకడం మొదలుపెడితే, అతను ఉండగల ప్రాంతం పన్నెండు పదమూడు చదరపు నాటికల్ మైళ్లు. నాలుగు గంటల తర్వాత మొదలుపెడితే రెండు వందల చదరపు నాటికల్ మైళ్లు. కాలం నాలుగింతలైతే వెతకవలసిన నీరు పదహారింతలవుతుంది. హైదరాబాదులోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ 2016లో తెచ్చిన సారట్ అనే సాధనం గాలి, ప్రవాహాల లెక్కలతో ఆ వలయాన్ని కుదిస్తుంది. మనిషా, తెప్పా, పడవా అని చెబితే దేనికి ఎంత జారుడు ఉంటుందో లెక్కకడుతుంది. గొప్ప సాయం. కానీ లెక్క చెప్పిన చోటికి ఎవరో వెళ్లాలి. కాకినాడ నుంచి గోదావరి డెల్టాను చుట్టి అంతర్వేదికి సముద్రం మీద దూరం వంద కిలోమీటర్లకు పైనే. అల్లకల్లోలంగా ఉన్న నీటిలో ఇరవై నాట్ల వేగం దొరికినా దాదాపు మూడు గంటలు. హెలికాప్టరు ఇంతకన్నా త్వరగా వస్తుంది, తాడుతో మనిషిని పైకి తీస్తుంది. అది విశాఖ నుంచి లేవాలి, గాలీ వెలుతురూ అనుకూలించాలి. అంతవరకూ మనిషిని నీటి మీద ఉంచేది ఎవరు?

దగ్గరున్నవారే. మన నేల మీది అనుభవం ఇదే చెబుతోంది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో రాయల్ వశిష్ఠ బోటు మునిగినప్పుడు బతికిన 26 మందిని మొదట అందుకున్నది విపత్తు దళాలు కాదు, ఆ గ్రామవాసులు. నెల దాటాక ఆ బోటును సుడిగుండంలోంచి పైకి తెచ్చింది కూడా కాకినాడ మనిషి ధర్మాడి సత్యం బృందమే. 2018 ఆగస్టులో కేరళ వరదల్లో మత్స్యకారులు తమ పడవలను లారీల మీదికి ఎక్కించుకుని వచ్చి వేల మందిని కాపాడారు. ఇంకా వెనక్కి వెళితే, మద్రాసు తీరంలో ఓడరేవు లేని రోజుల్లో ప్రయాణికులను కెరటాల గుండా ఒడ్డుకు చేర్చినవి కొబ్బరి తాళ్లతో కుట్టిన మసూలా పడవలు. వాటి వెంట కట్టుమరాల మీద నడిచే మత్స్యకారులు పడిపోయినవారిని పట్టడానికి సిద్ధంగా ఉండేవారు. అలా ప్రాణాలు కాపాడినవారికి ఆ కాలంలో పతకాలు ఇచ్చారు. ఆ కట్టుమరం, అంటే మన తెప్ప, మునగదు. నీరు నిలిచే గుల్లే దానికి లేదు, దుంగల సందుల్లోంచి వచ్చిన నీరు వచ్చినట్టే పోతుంది. ఆధునిక లైఫ్‌బోటు నురుగు నింపి, నీరు తనంతట తోడుకుపోయేలా చేసి సాధించింది కూడా ఇదే గుణాన్ని. ఇవాళ్టి ఫైబరు పడవకు వేగం వచ్చింది, ఆ గుణం పోయింది. 1979లో మొదలైన బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రామ్ ఒడ్డుకు లాగగలిగే పడవల నమూనాలు తయారు చేసింది. ఆ దారిలో మన ఇంజనీరింగు కళాశాలలు, నౌకా నిర్మాణ సంస్థలు ఇంకా చాలా దూరం వెళ్లగలవు.

దీనికి అభ్యంతరాలు ఉన్నాయి, వాటిలో బలమైనది వాతావరణ హెచ్చరికల గురించి. ముందే చెబితే పడవ దిగనే దిగదు, రక్షణతో పనేముంది అంటారు. ఈ మాటలో సత్యం ఉంది. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుఫానులో వెయ్యి మందికి పైగా చనిపోయారు. భైరవపాలెం, బలుసుతిప్ప వంటి ఊళ్లు తమ వేటగాళ్లను కోల్పోయాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకేనాటికి హెచ్చరికలు ఎంతో మెరుగయ్యాయి, పడవలు ముందే ఒడ్డెక్కాయి. ఆ మార్పు వేల ప్రాణాలను నిలబెట్టింది, అందుకు వాతావరణ శాఖకు చేతులెత్తి మొక్కాలి. కానీ హెచ్చరిక తుఫానుకే సరిపోతుంది. సిలిండరు పేలడానికి హెచ్చరిక ఉండదు. మొగలో ఇంజను ఆగిపోవడానికి ఉండదు. ఏ ప్రమాద సూచికా ఎగరని మామూలు జూలై రోజున రెండు మీటర్ల కెరటం పడవను దొర్లించడానికీ ఉండదు. 2017 చివర్లో వచ్చిన ఓఖీ తుఫాను మరో పాఠం నేర్పింది. అప్పటికే నడిసముద్రంలో ఉన్నవారికి కబురే చేరలేదు. ఆ తర్వాతే ఇన్‌కాయిస్ నడిసముద్రానికి హెచ్చరికలు చేర్చే జెమినీ పరికరాన్ని, ఇస్రో 2024 జనవరిలో కొత్త తరం ఆపద సంకేత పరికరాన్ని తెచ్చాయి. ఈ కొత్త పరికరంలో మన కేక వినబడిందని తిరుగు సమాధానం కూడా వస్తుంది. కేక వినబడింది, మంచిదే. వెంటనే రాగల పడవ ఒడ్డున సిద్ధంగా ఉందా అన్నది వేరే ప్రశ్న.

మత్స్యకారులు ఒకరినొకరు ఎలాగూ కాపాడుకుంటున్నారు, దాన్ని వ్యవస్థగా మార్చనక్కర్లేదు అనేవారూ ఉన్నారు. ఈ మాట నాకు అన్యాయంగా తోస్తుంది. వాళ్లు వెళ్తారు, నిజమే. తమ డబ్బుతో డీజిలు పోసుకుని, బోల్తా పడితే లేవని పడవ వేసుకుని, లైఫ్ జాకెట్ కూడా లేకుండా వెళ్తారు. వారి ధైర్యాన్ని ఉచిత వనరుగా లెక్కలో వేసుకోవడం ప్రభుత్వానికీ సమాజానికీ తగదు. శిక్షణ, బీమా, ఇంధనం, ప్రథమ చికిత్స పెట్టె, రాత్రి వెలుగునిచ్చే దీపం, వైర్‌లెస్ — ఇవన్నీ హక్కుగా అందాలి. బ్రిటన్‌లో 1824లో పుట్టిన లైఫ్‌బోటు సంస్థ ఇలాంటి స్వచ్ఛంద సిబ్బందితోనే నడుస్తోంది. ఖర్చు భరించలేం అనేవారికి కూడా వారి దగ్గరే జవాబు ఉంది. ఆ సంస్థ 1963 నుంచి వాడుతున్న, గాలి నింపిన చిన్న పడవ పొడవు ఐదు మీటర్లు. ఒకే అవుట్‌బోర్డు ఇంజను, ముగ్గురు నలుగురు మనుషులు చాలు. బోల్తా పడితే సిబ్బందే చేతులతో తిరగేసి మళ్లీ నడుపుతారు. ఉప్పాడ కెరటాలకు అచ్చంగా అదే సరిపోతుందని నేను అనను. మన తీరానికి మన నమూనా కావాలి. కానీ వందల కోట్ల నౌకే రక్షణకు ఆధారం అన్న భావన తప్పని అది రుజువు చేస్తుంది. ఓఖీ తర్వాత కేరళ మూడు మెరైన్ అంబులెన్స్ బోట్లు కట్టించుకుంది. 2020లో మొదటిది నీటిలో దిగింది. మెరైన్ పోలీసులు మన దగ్గరా ఉన్నారు. కానీ 2008 ముంబై దాడుల తర్వాత విస్తరించిన ఆ వ్యవస్థ ముఖ్యంగా భద్రత కోసం.

రక్షకుల ప్రాణాల మాట కూడా అడుగుతారు, అడగాలి. 2024 సెప్టెంబరు 2 రాత్రి పోరుబందరు దగ్గర ఒక ఓడలో గాయపడిన మనిషిని తేవడానికి వెళ్లిన కోస్ట్ గార్డ్ హెలికాప్టరు సముద్రంలో కూలి ముగ్గురు సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. శిక్షణ పొందిన దళానికే ఇంత ప్రమాదం ఉంటే గ్రామస్థుల్ని పంపడం ఎలా? శిక్షణ ఇచ్చి పంపాలి, ఏ కెరటంలో వెళ్లకూడదో కూడా నేర్పి పంపాలి. వెళ్లొద్దని నిర్ణయించే అధికారం ఆ పడవ సరంగుకు ఉండాలి. ఇప్పుడు ఆ నిర్ణయం తీసుకునే వ్యవస్థే లేదు. అన్న నీటిలో ఉంటే తమ్ముడు ఏమీ ఆలోచించకుండా దూకుతాడు. మంచి పడవ, నేర్పిన నియమం ఆ తమ్ముణ్ణి కూడా కాపాడతాయి.

మొదలుపెట్టడానికి పెద్ద ప్రణాళికలు అక్కర్లేదు. ఉప్పాడ, భైరవపాలెం, ఓడలరేవు, అంతర్వేది, ఈ నాలుగు చోట్లా ఒక్కొక్క పడవ, ఒక్కొక్క చోట పన్నెండు మంది శిక్షితులు. శిక్షణ కాకినాడ స్టేషన్‌లో కోస్ట్ గార్డ్ ఇవ్వాలి. కేంద్ర మత్స్య పథకం కింద ఊళ్లలో నియమించిన సాగర మిత్రలు ఆ జట్లకూ అధికారులకూ మధ్య వారధిగా నిలవగలరు. గౌతమి ఒడ్డున యానాం పుదుచ్చేరి ప్రభుత్వం కిందకు వస్తుంది గనుక ఆ మొగలో ఎవరి పడవ ఎవరి కోసం వెళ్లాలో రెండు ప్రభుత్వాలూ ముందే రాసుకోవాలి. ప్రమాదం జరిగాక సరిహద్దు మాట్లాడుకునే సమయం ఉండదు. ఈ తీర జిల్లాల శాసనసభ్యులను, మత్స్య శాఖను నేను కోరేది ఇదే.

ఈలోగా తీర గ్రామాల్లో ఈ మాట వింటున్నవారు రెండు నంబర్లు ఇంటి గోడ మీద, పడవ లోపల రాసి ఉంచండి. సముద్రంలో ఆపద కనిపిస్తే కోస్ట్ గార్డ్‌కు 1554, మెరైన్ పోలీసులకు 1093. వైర్‌లెస్ ఉన్న బోటుల్లో 16వ ఛానల్ ఎప్పుడూ తెరిచి ఉంచండి. పడవ ఆలస్యమైతే రేపటి దాకా చూద్దామని ఆగకండి. ఆ గంటలోనే చెప్పండి.